చూలుపిల్లికి పురుడు: చేయి పెట్టవలసిన క్షణాలు, పెట్టకూడని గంటలు

ప్రశ్న: మెట్ల కింద తలదాచుకుంటున్న మూడు రంగుల పిల్లిని నెల రోజుల క్రితం ఇంట్లోకి తెచ్చుకున్నాము. అది చూలుతో ఉన్నదని తరువాత తెలిసింది. పశువైద్యులు ఎక్స్‌రే తీసి, నాలుగు కూనలు ఉన్నాయని, పది పన్నెండు రోజుల్లో ఈనవచ్చని చెప్పారు. మా ఇంట్లో ఎవరికీ ఈ అనుభవం లేదు. బొడ్డుతాడు మేమే కోయాలా? మనిషి చేయి తగిలితే తల్లి కూనలను వదిలేస్తుందంటారు, నిజమేనా? పాలు చాలకపోతే ఆవుపాలు పట్టవచ్చా? పదేళ్ళ మా అమ్మాయి పురుడు చూస్తానని పట్టుబడుతోంది, చూడనివ్వవచ్చా? అన్నిటికంటే ముఖ్యంగా, అర్ధరాత్రి ఏదైనా తేడా వస్తే అది తేడా అని మాకు తెలిసేదెలా? – ఒక పాఠకురాలు

సమాధానం: మీరు ముఖ్యమని చెప్పిన ఆ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, తక్కినవన్నీ దాని చుట్టూ తిరిగేవే. ఆరోగ్యంగా ఉన్న పిల్లి చాలావరకు ఎవరి సాయమూ లేకుండానే ఈనుతుంది. కాబట్టి ఆ రాత్రి మీకు కావలసినవి ఒక గడియారం, ఒక కాగితం, ఒక కలం. నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయో, ఏ కూన ఎన్ని గంటలకు పుట్టిందో, ఏ మావి ఎప్పుడు పడిందో రాసుకుంటూ పోతే, తేడా వచ్చినప్పుడు ఆ కాగితమే మీకు చెబుతుంది. వైద్యులకు ఫోను చేసినప్పుడు వారు మొదట అడిగేవి కూడా ఆ వేళలే.

నేను పశువైద్యుణ్ణి కాను. వీధిలో దొరికిన పిల్లులను ఇంట్లో ఉంచి, కోలుకున్నాక మంచి ఇళ్ళు వెతికిపెట్టే పనిని చాలా ఏళ్ళుగా చేస్తున్నాను. మొదటిసారి నేను చేసిన పొరపాటు చెబితే మీకు ఉపయోగపడుతుంది. పాపం దానికి ఎలా ఉందోనన్న ఆత్రంతో పావుగంటకోసారి టార్చి వేసి పెట్టెలోకి తొంగిచూశాను, ఇంట్లోవాళ్ళను కూడా పిలిచి చూపించాను. రెండో కూన పుట్టాక ఆ పిల్లి లేచి, మొదటిదాన్ని మెడ దగ్గర నోట కరుచుకుని మంచం కిందికి వెళ్ళి, ఇనుప పెట్టె వెనుక గోడవారన దూరింది. కాసేపటికి వచ్చి రెండోదాన్నీ తీసుకుపోయింది. మిగిలిన రెండు కూనలూ ఆ దుమ్ములోనే పుట్టాయి. నా చేయి అక్కడిదాకా అందలేదు. తెల్లవారాక పెట్టెను జరిపి చూస్తే చివరి కూన ముఖం మీద పొర అలాగే ఉంది, ఒళ్ళు చల్లబడిపోయి ఉంది. అలసిపోయి, బెదిరిపోయి ఉన్న తల్లి దాన్ని నాకలేకపోయింది. పిల్లి తన కూనలను ఏడిళ్ళు తిప్పుతుందని మనవాళ్ళు అంటారు గాని, ఆ ఏడిళ్ళలో కొన్నిటికైనా మన ఆత్రమే కారణమని నాకు ఆ రోజు తెలిసివచ్చింది.

ఈ పది రోజుల్లో ముందుగా చేయవలసింది చోటు కుదర్చడం. మనుషుల రాకపోకలు, పెద్ద చప్పుళ్ళు, గాలి విసురు లేని గదిలో, వెలుతురు తక్కువగా ఉండే మూలన ఒక అట్టపెట్టె పెట్టండి. అది పిల్లి కాళ్ళు చాపుకుని పడుకునేంత వెడల్పుగా ఉండాలి. ముందువైపు గుమ్మం కోసేటప్పుడు అడుగున ఒక జానెడు అట్ట ఉంచితే తల్లి దాటగలుగుతుంది, కూనలు బయటికి దొర్లవు. అడుగున వార్తాపత్రికలు, వాటిపైన ఉతికిన పాత నూలుగుడ్డలు పరచండి. దారాలు లేచిన తువ్వాలు మాత్రం వద్దు. దారం కూన కాలికి చుట్టుకుని రక్తప్రసరణ ఆగిపోవడం నేను చూశాను. తిండి, నీళ్ళు, మలమూత్రాల తొట్టి అదే గదిలో, పెట్టెకు కాస్త దూరంగా ఉండాలి. గదిని సబ్బునీళ్ళతో తుడిస్తే చాలు. ఫినైలు వంటి ఘాటైన ద్రావకాలు, సుగంధ తైలాలు వాడవద్దు. పిల్లి కాలేయం వాటిని వదిలించుకోలేదు, పైగా పాదాలకు అంటినదాన్ని అది నాకి మింగుతుంది. ఇంత చేసినా మీ పిల్లి ఆ పెట్టెను కాదని బట్టల బీరువాను ఎంచుకోవచ్చు. అలాంటప్పుడు వాదించకుండా పెట్టెనే బీరువా దగ్గరికి మార్చండి.

ఇప్పటినుంచి కూనలు పాలు మానేదాకా దానికి కూనల కోసం తయారుచేసే ఆహారమే పెట్టండి, అందులో మాంసకృత్తులు, కొవ్వు ఎక్కువగా ఉంటాయి. కడుపులో చోటు తక్కువ కనుక కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టాలి. బలానికని కాల్షియం మాత్రలు మీ అంతట మీరు వేయవద్దు. చూలుతో ఉన్నప్పుడు బయటినుంచి కాల్షియం అందితే ఎముకల్లోని నిల్వను బయటికి తీసే శక్తి శరీరంలో మందగిస్తుంది, ఆ దెబ్బ ఈనిన తరువాత తగులుతుంది. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

పిల్లి మామూలుగా 63 నుంచి 67 రోజులు మోస్తుంది. దాని తేదీ మనకు తెలియదు కనుక ఒంటి గుర్తులనే నమ్ముకోవాలి. ఈనడానికి ఒకరోజు ముందు శరీర ఉష్ణోగ్రత 37.8 డిగ్రీల సెల్సియస్ కంటే, అంటే 100 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే దిగువకు పడిపోతుంది. పుస్తకాలు ఈ గుర్తుకు పెద్దపీట వేస్తాయి గాని, నెల కిందటే మనుషులను నమ్మడం మొదలుపెట్టిన పిల్లికి రోజుకు రెండుసార్లు మలద్వారంలో థర్మామీటరు పెట్టడం నాకు ఇష్టం లేదు. తెలిసేదానికంటే పోగొట్టుకునేది ఎక్కువ. దానికి బదులు ప్రవర్తనను గమనించండి. తిండి మానేస్తుంది, గుడ్డలను కాళ్ళతో గీరి పోగుచేసుకుంటుంది, తొట్టిలోకి ఊరికే వెళ్ళి వస్తుంటుంది, వెనుక భాగాన్ని పదేపదే నాకుతుంది, నోరు తెరిచి రొప్పుతుంది. కొన్ని ఏ చీకట్లోకో పోయి దాక్కుంటాయి, కొన్ని మీ కాళ్ళు వదలకుండా అరుస్తూ తిరుగుతాయి. మీది రెండో రకమైతే పక్కన నిశ్శబ్దంగా కూర్చోండి. మిమ్మల్నే అది తోడు ఎంచుకుందన్నమాట. ఈ మొదటి దశ సాధారణంగా 12 గంటల వరకు ఉంటుంది, తొలిచూలు పిల్లికి ఒక రోజంతా పట్టవచ్చు. ఈ దశలో మీరు చేయవలసిన పని ఏదీ లేదు.

తరువాత అది పక్కకు వాలి, కడుపు బిగపట్టి ముక్కడం మొదలుపెడుతుంది. గడియారం చూడవలసింది ఇక్కడినుంచి. కడుపు అలలు అలలుగా బిగుస్తూ బలంగా ముక్కుతున్నా అరగంటలో కూన బయటపడకపోతే వైద్యుల దగ్గరికి బయలుదేరాలి. కూన సగం బయటికి వచ్చి పది నిమిషాలైనా అక్కడే ఉండిపోయినా, ఎర్రటి పచ్చినెత్తురు ఆగకుండా కారుతున్నా, దుర్వాసనతో కూడిన స్రావం వస్తున్నా, ముదురు ఆకుపచ్చ స్రావం కనిపించి దాని వెంట కూన రాకపోయినా, తల్లి లేవలేనంతగా సోలిపోయినా తెల్లవారేదాకా ఆగే మాటే లేదు. కూనకూ కూనకూ మధ్య పది నిమిషాల నుంచి గంట వరకు పట్టడం మామూలు. అయితే కొన్ని పిల్లులు రెండు కూనలు పెట్టి, వాటికి పాలిస్తూ, తిని, నీళ్ళు తాగి, కొన్ని గంటలు హాయిగా పడుకుని మళ్ళీ మొదలుపెడతాయి. విరామం ఎంతసేపన్నదానికంటే ఆ విరామంలో తల్లి ఎలా ఉందన్నదే చూడాలి. గురగురలాడుతూ కూనలను నాకుతుంటే కంగారు లేదు, కలవరపడుతూ వృథాగా ముక్కుతుంటే ఉన్నది. మీకు నాలుగని లెక్క తెలుసు కనుక, ఇంకా లోపల ఉన్నాయని తెలిసి రెండు గంటలు దాటితే, తల్లి ప్రశాంతంగా కనిపించినా ఫోను చేసి చెప్పండి. ఆగమనాలో రమ్మనాలో వారు నిర్ణయిస్తారు. ఎదురుకాళ్ళతో వచ్చే కూనను చూసి మాత్రం బెదరవద్దు. పిల్లుల్లో అది చాలా మామూలు, అలా పుట్టినవి చక్కగానే ఉంటాయి. ఎలా వచ్చినా సరే, మీ అంతట మీరు పట్టి లాగవద్దు.

ఇక చేయి పెట్టవలసిన సందర్భాలు. కూన పలుచని పొరతో పుడుతుంది, తల్లి వెంటనే ఆ పొరను నాకి చింపుతుంది. ఒక నిమిషం గడిచినా అది కూన వైపు తిరగకపోతే ఇక ఆగవద్దు. శుభ్రంగా కడిగిన చేతులతో ముక్కు దగ్గర పొరను చింపి వెనక్కి ఒలిచేసి, నోరు, ముక్కు తుడిచి, పొడి తువ్వాలుతో వీపు, పక్కటెముకలు గట్టిగానే రుద్దండి. తల కాస్త కిందికి ఉంటే లోపలి నీరు బయటికి వస్తుంది. తల కిందులుగా పట్టుకుని ఊపే పాత పద్ధతి వద్దు, మెదడుకు దెబ్బ తగులుతుంది. ఒకసారి నా చేతిలో పడిన కూన తడిగుడ్డలా వేలాడింది. రుద్దుతూనే ఉన్నాను, ఎంతసేపో తెలియదు, చేతులు నొప్పి పుట్టాయి. ఇక వదిలేద్దామనుకుంటుండగా నోరు ఒక్కసారి తెరుచుకుంది, చాలాసేపటికి ఇంకొకసారి, తరువాత త్వరత్వరగా. బూడిద రంగులో ఉన్న గింజంత ముక్కు కళ్ళముందే గులాబీ రంగుకు తిరిగింది. కీచుమన్న ఆ చప్పుడుకు తల్లి తల ఎత్తి పిలిచింది. దాని ముందు పెట్టగానే మిగిలిన పనంతా అదే చూసుకుంది. కనుక అయిదు నిమిషాలకే ఆశ వదులుకోవద్దు.

బొడ్డుతాడును తల్లే కొరుకుతుంది. కొరకనప్పుడే, అదీ కొన్ని నిమిషాలు చూశాక, మీరు పూనుకోవాలి. కూన పొట్టనుంచి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో మరిగించిన దారంతో గట్టిగా ముడివేసి, దానికి కాస్త అవతల ఇంకో ముడి వేసి, మరిగించిన కత్తెరతో రెండింటి మధ్య కోయండి. ఆ సమయంలో తాడు పొట్టవైపునుంచి లాగబడకూడదు, లాగితే బొడ్డు దగ్గర పేగు జారే ప్రమాదం ఉంది. కూనకొక మావి పడుతుంది, కొన్నిసార్లు రెండు కూనలు పుట్టాక రెండూ కలిసి పడతాయి. తల్లి వాటిని తినేయడం సహజమే గాని, అన్నీ తింటే విరేచనాలు అవుతాయి కనుక ఒకటి రెండు తిననిచ్చి మిగిలినవి తీసేయవచ్చు. లెక్క తగ్గితే వైద్యులకు చెప్పండి. లోపల ఉండిపోయిన మావి కుళ్ళి గర్భాశయానికి చీము పట్టవచ్చు.

అన్నీ పుట్టాక మీరు నిర్ధారించుకోవలసింది ఒక్కటే: ప్రతి కూనా చన్ను పట్టిందా లేదా. తొలిరోజు ముర్రుపాలలోని రక్షక పదార్థాలను కూన పేగు నేరుగా రక్తంలోకి తీసుకోగలదు. ఆ దారి దాదాపు పదహారు గంటల్లో మూసుకుపోతుంది. బలమైన కూనలు తోసేస్తున్న చిన్నదాన్ని ఎత్తి చనుమొన దగ్గర పెట్టడం మీ చేయి చేయగలిగిన గొప్ప సాయం. చేయి తగిలితే వదిలేస్తుందన్న భయం అక్కరలేదు. మిమ్మల్ని నమ్మిన పిల్లి మీ వాసనను చూసి కూనలను వదలదు. అది వదిలేదీ, మోసుకుపోయేదీ అలజడి వల్ల. తెలియని మనుషులు, ఇతర జంతువులు, పదేపదే పెట్టె కదపడం అందులోకి వస్తాయి. తల్లి లేచి తిండికి వెళ్ళినప్పుడు చూసుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

మొదటి వారాల్లో కూనలను తీసుకుపోయేవాటిలో చలి ముందు ఉంటుంది, నా అనుభవంలో ఆకలి కూడా దాని తరువాతే. పుట్టిన కూన తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. మొదటి వారంలో దానికి వణకడం కూడా రాదు, కాబట్టి చలి వేస్తోందని మీకు కనిపించదు. పెట్టెలోపల మొదటి వారం 29 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ ఉండేలా చూడండి. హీటింగ్ ప్యాడ్ పెడితే గుడ్డ చుట్టి పెట్టెలో సగం అడుగుకే పెట్టండి. వేడెక్కిన కూన పాకి అవతలికి పోగలగాలి. ఎప్పుడైనా ఒక కూన నోరు, పాదాలు చల్లగా తగిలితే దానికి వెంటనే పాలు పట్టాలనిపిస్తుంది. అది చేయవద్దు. చల్లబడిన కడుపు అరిగించదు, పాలు లోపల పులుస్తాయి లేదా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దాన్ని మీ చొక్కా లోపల ఒంటికి ఆనించుకుని గంటసేపు నెమ్మదిగా వెచ్చబరచి, కదలిక వచ్చాకే చన్ను దగ్గర పెట్టండి. తిరిగి వెచ్చబడకపోతే వైద్యుల దగ్గరికి అలాగే తీసుకెళ్ళండి.

గ్రాముల్లో చూపే కాటా ఒకటి కొనండి, దానికి పెట్టిన డబ్బు వృథా కాదు. పుట్టినప్పుడు కూన సుమారు 90 నుంచి 110 గ్రాములు ఉంటుంది. మొదటి రోజు కాస్త తగ్గినా, ఆ తరువాత రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. రెండు వారాలు నిండేసరికి పుట్టిన బరువుకు రెట్టింపు అవుతుంది. రోజూ ఒకే వేళకు తూచి రాయండి. ఒకరోజంతా పెరగని కూన కంటికి బాగానే కనిపించవచ్చు, కాని కాటా అబద్ధం చెప్పదు. ఆ రోజే వైద్యులకు చూపించాలి. అరిచే కూన ఆకలిగా ఉందని చెప్పుకుంటోంది. మిగతావాటికి దూరంగా చప్పుడు లేకుండా పడి ఉన్న కూనను గురించే నేను ఎక్కువ భయపడతాను.

పాలు చాలకపోతే ఆవుపాలు పట్టవద్దు. తల్లిపిల్లి పాలతో పోలిస్తే వాటిలో మాంసకృత్తులు, కొవ్వు బాగా తక్కువ. వాటితో విరేచనాలు పట్టుకుంటే వంద గ్రాముల ప్రాణం కొన్ని గంటల్లో నీరసించిపోతుంది. కూనల కోసం అమ్మే పాలపొడి ముందే తెచ్చి ఉంచండి. మొదటి వారంలో రాత్రీ పగలూ రెండు మూడు గంటలకోసారి, ఒంటి వేడికి సరిపోయే గోరువెచ్చదనంతో, వంద గ్రాముల బరువుకు ఒక విడతలో నాలుగు మిల్లీలీటర్లకు మించకుండా పట్టాలి. తల్లి దగ్గర ఎలా తాగుతుందో అలాగే బోర్లా ఉంచి పట్టండి. చంటిబిడ్డలా వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల్లి నాకని కూనకు మూడు వారాల దాకా పాలు తాగిన ప్రతిసారీ తడి దూదితో కింద మెల్లగా తుడవాలి, లేకపోతే అది మలమూత్రాలు విసర్జించలేదు.

కూనల సందడిలో తల్లిని మరచిపోతాం. మూడు నాలుగు వారాల సమయానికి అది మామూలుకంటే రెండు మూడు రెట్లు తింటుంది. గిన్నె ఖాళీగా ఉండకూడదు. రెండు మూడు వారాలపాటు ఎరుపు, గోధుమరంగు కలిసిన స్రావం కొద్దికొద్దిగా తగ్గుతూ రావడం మామూలు. వాసన వేస్తే, జ్వరం వస్తే, చన్ను గట్టిపడి వేడిగా తగిలితే ఆ రోజే చూపించండి. ఇందాక చెప్పిన కాల్షియం సంగతి ఇక్కడ వస్తుంది. ఈనిన మొదటి నెలలో పాలకు కాల్షియం తరలిపోయి రక్తంలో పడిపోతే తల్లి కలవరంగా తిరుగుతుంది, కాళ్ళు బిగుసుకుంటాయి, ఒళ్ళు వణుకుతుంది, ఆపైన మూర్ఛ వస్తుంది. వణుకు కనిపించిన గంటలోనే ఆసుపత్రిలో ఉండాలి. ఇంజెక్షను అందితే కళ్ళముందే తేరుకుంటుంది. జ్వరమని పారాసిటమాల్ వేయవద్దు, ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు. బొచ్చులో రక్తం పీల్చే పురుగులు ఉంటే కుక్కల మందు చల్లవద్దు, వాటిలో కొన్నిటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లులకు విషం. కూనల ఒంటిమీది పురుగులను సన్నపళ్ళ దువ్వెనతో తీయడమే మంచిది, తీయకపోతే రక్తహీనతతో పోతాయి.

అక్కడినుంచి పెరగడం త్వరగానే సాగిపోతుంది. బొడ్డు మూడునుంచి అయిదు రోజుల్లో రాలుతుంది, కళ్ళు ఏడునుంచి పద్నాలుగు రోజుల్లో వాటంతట అవే తెరుచుకుంటాయి. ఇంకా మూసి ఉన్న కన్ను ఉబ్బినట్టు కనిపిస్తే లోపల చీము ఉందేమో చూపించాలి. రెండు వారాలకు నులిపురుగుల మందు, ఆరునుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా వైద్యులు వేస్తారు. మూడో వారంలో తప్పటడుగులు వేస్తూ తొట్టి దగ్గరికి వస్తాయి. తడిస్తే గడ్డకట్టే ఇసుకను అవి తిని చూస్తాయి కనుక అప్పటికి గడ్డకట్టనిది పోయండి. నాలుగో వారంలో మెత్తని తిండి పెట్టవచ్చు. రెండునుంచి ఏడు వారాల మధ్య రోజూ ఎత్తుకుని నిమిరిన కూన మనుషులకు మాలిమి అవుతుంది. ఇళ్ళకు ఇవ్వడం ఎనిమిది వారాలకు ముందు వద్దు. పన్నెండు దాకా ఆగితే తల్లి, తోబుట్టువుల దగ్గర కరవకుండా ఆడుకోవడం నేర్చుకుంటాయి.

ఈ వారాల్లో వీధి తలుపు మీద కన్ను వేసి ఉంచండి. పాలిస్తున్న పిల్లికి మళ్ళీ చూలు రాదన్నది అపోహ, ఈనిన కొన్ని వారాలకే అది ఎదకు రావచ్చు. కూనలు పాలు మాని, చన్నులు ఆరిపోయాక సంతాన నిరోధక ఆపరేషన్ చేయించండి, ఆ తేదీ కోసం ఇప్పుడే వైద్యులతో మాట్లాడుకోండి. కూనల్లో ఆడవి నాలుగు నెలలకే ఎదకు రాగలవని కూడా గుర్తుంచుకోండి.

ఈ రోజే మీ వైద్యుల నంబరుతోపాటు రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి నంబరు కూడా కనుక్కుని, ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. పిల్లిని తీసుకెళ్ళే బుట్టను తలుపు దగ్గరే ఉంచండి. మధ్యలో ఆసుపత్రికి వెళ్ళవలసివస్తే పుట్టిన కూనలను గుడ్డలో చుట్టి, వెచ్చని నీళ్ళ సీసా పక్కన పెట్టి, తల్లితోపాటే తీసుకెళ్ళాలి.

ఇక మీ అమ్మాయి. గదిలోకి వద్దు, తలుపు ఓరగా తీసి, దీపం లేకుండా, మాట్లాడకుండా గుమ్మం దగ్గర కూర్చుంటే చూడనివ్వండి. వేళలు రాసే కాగితం, కలం తన చేతికే ఇవ్వండి. తెల్లవారి కూనలను తూచే పని కూడా తనదేనని ఇప్పుడే చెబితే, రాత్రి లోపలికి వస్తానని మారాం చేయదు.